లివర్‌పూల్‌లో ఉన్న మేనకోడలికి

అమ్మలూ,

అక్కడి పాత ఓడ పాటలూ మన జాలారి వల పాటలూ కలిపి, పెద్ద కోరస్‌తో, డప్పులతో కచేరీ పెడుతున్నావట. మీ అమ్మ చెప్పింది. గర్వంగానే ఉంది కానీ రాత్రి నిద్ర పట్టలేదు.

హాలు, మైకులు, రిహార్సల్ తేదీలు నీకు నేను చెప్పక్కర్లేదు. డప్పుల పక్కన నిలబడేవాళ్ళకి మాత్రం మంచి ఇయర్‌ప్లగ్స్ ఇప్పించు. నా ఎడమ చెవిలో హోరు ఎలా వచ్చిందో తెలుసుగా. నవ్వకు.

భీమిలి తీరంలో పెద్దవల లాగడం నీకు చిన్నప్పుడు చూపించాను. రెండు తాళ్ళు, ఒడ్డున రెండు గుంపులు. ఒకడు మాట అందుకుంటే మిగతావాళ్ళు హైలెస్సా అంటూ మడమలు ఇసుకలో దిగేసి వెనక్కి ఒరుగుతారు. తాళం ఆ ఒరగడంలోనే ఉంది, అక్కడ డప్పు లేదు. నీ ఓడ పాటలూ అంతే. తెరచాప ఎత్తే పాటలో కోరస్ వరసకి ఒకటి రెండు లాగుళ్ళు. లంగరు ఎత్తే పాటేమో నడకలా ఆగకుండా సాగుతుంది.

మా బృందం నడిపినాయన ఇది పట్టించుకోలేదు. ఒక జాలారి తాతని స్టేజీ ఎక్కించి వెనక రిథమ్ ప్యాడ్ పెట్టాడు. తాత మాట అని ఆగేవాడు. తాడు బరువు చేతికి అందేదాకా ఆగడం ఆయన అలవాటు. ప్యాడ్ ఆగదు కదా! రెండో చరణానికే వెనకబడ్డాడు. పక్కనుంచి మా నాయకుడు ‘తాతా, తాళం, తాళం’ అని చెయ్యి ఊపుతున్నాడు. జీవితమంతా వల లాగినవాడికి తాళం నేర్పుతున్నాడు! తాత గొంతు తగ్గించేశాడు, కోరస్ ఆయన్ని మింగేసింది. కరపత్రంలో ఆయన పేరు లేదు, ‘జానపదం’ అని వేశారు. ఆటో డబ్బులు కూడా ఇవ్వలేదు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందుకే, ముందు డప్పులు మూటకట్టి పక్కన పెట్టు. ఒక లావు తాడు తెచ్చి, కోరస్ చేత లాగిస్తూ పాడించు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో వాళ్ళ ఒళ్ళే చెప్తుంది. తర్వాత సిర్ర, అదే డప్పు కొట్టే లావు పుల్ల, దాని దెబ్బ లాగుడు మీద మాత్రమే వేయించు, సన్నటి చిటికెన పుల్ల సంగతి ఆపైన చూద్దువు. రెండు పాటల్నీ ఒకదాని మీద ఒకటి పేర్చకు. దీని పిలుపుకి దాని జవాబు రానీ.

మీ దగ్గర్లోని హోయిలేక్‌లో పుట్టిన స్టాన్ హ్యూగిల్ రికార్డింగులు విను. 1929లో పగిలిన గార్త్‌పూల్ ఓడ మీద పనిలో ఈ పాటల్ని నిజంగా పాడించినవాడాయన. పాట మధ్యలో ఆయన వేసే కేకల్ని నీ కోరస్‌లో మర్యాదస్తులు మింగేస్తారు, మింగనివ్వకు. అన్నట్టు, ఆ ఓడ పాటల్ని ఉత్త ఇంగ్లీషు పాటలని అచ్చువెయ్యకు. అమెరికాలో మొబైల్ రేవులో పత్తి బేళ్ళు ఓడల్లో కుక్కిన నల్లజాతి కూలీల పాటలూ వాటిలో కలిశాయి.

అక్కడి చెమ్మకి డప్పు చర్మం సాగిపోతుంది. మనవాళ్ళలా మంట మీద కాచావంటే ఫైర్ అలారం మోగుతుంది, హీటర్‌కి కాస్త ఎడంగా పెట్టు. గొంతు జాగ్రత్త తల్లీ, ఆ కేకలు రోజూ వెయ్యకు. వేళకి తింటున్నావా?

మన వల పాటల రికార్డింగుకి ఇక్కడికి ఎండాకాలంలో రా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకి వేట నిషేధం, జనం ఒడ్డునే దొరుకుతారు. పాడేవాళ్ళతో డబ్బు ముందే మాట్లాడి చేతికివ్వు. కోనాం చేప మాత్రం ఆ రోజుల్లో దొరకడం కష్టం, అత్తయ్య ఎండు నెత్తళ్ళే వండుతుంది.

మీ మావయ్య