వలసవాదుల మీద తిరగబడింది వలసవాదులేనా?

సందేహం: మా అబ్బాయి నోట్సులో ‘అమెరికాలోని 13 వలసల్లో వలసవాదులు బ్రిటన్ పన్నులను ఎదిరించి స్వాతంత్ర్యం సాధించారు’ అని ఉంది. ‘వలసవాదులంటే బ్రిటిషువాళ్లే కదమ్మా, మరి వీళ్లెవరు?’ అని వాడు అడిగితే నాకు జవాబు తోచలేదు. ఊళ్లను ‘వలసలు’ అనడం కూడా వింతగా ఉంది. ఇంతకీ దాన్ని విప్లవం అనాలా, తిరుగుబాటు అనాలా? – ఒక పాఠకురాలు, రాజాం

సమాధానం: మీ అబ్బాయి సరిగ్గానే పట్టుకున్నాడు. ఆ వాక్యంలో ‘వలసవాదులు’ కుదరదు. చివర ‘వాది’ చేరితే ఒక వాదాన్ని నమ్మేవాడనో, వినిపించేవాడనో అర్థం. జాతీయవాది, హేతువాది, న్యాయవాది అలా వచ్చినవే. పరాయి దేశాన్ని ఏలడం సబబేననేవాడు, ఆ ఏలుబడిని నడిపేవాడు వలసవాది. వర్జీనియాలో పొగాకు పండించుకునే రైతూ, బోస్టన్ రేవులో పనిచేసే కూలీ ఆ లెక్కలోకి రారు. వాళ్లను ‘వలసవాసులు’ అనండి. తెలుగు మాటకు సంస్కృతం అతికించారు, ఇది వైరి సమాసం అని ఎవరైనా ముక్కు విరిస్తే, ‘వలసవాదం’ కూడా ఆ బాపతే అని చెప్పండి. ‘వలసదారులు’ మాత్రం వద్దు. అది ఈ రోజుల్లో వీసాల వార్తలకు అంటుకుపోయింది. పైగా 1760ల నాటికి ఆ జనంలో చాలామంది అక్కడే పుట్టి పెరిగినవాళ్లు.

ఇక ‘వలసలు’. పాలమూరు వైపు వలస అంటే పొట్టకూటికి ఊరు విడిచి పోవడం. మీ ఉత్తరాంధ్రలో పోవడమే కాదు, పోయి నిలిచిన చోటు కూడా వలసే. ఆమదాలవలస, కొత్తవలస మీకు తెలియనివి కావు. 1607లో జేమ్స్‌టౌన్‌లో ఇంగ్లీషువాళ్లు వేసింది అలాంటి వలసే. కాబట్టి ఆ 13 వలసలు మంచి తెలుగే.

అసలు చిక్కు వేరే ఉంది. వీళ్లు మొదట్లో వలసవాదం మీద పోరాడలేదు. ఫ్రాన్సుతో సాగిన ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసేసరికి బ్రిటన్ అప్పుల్లో మునిగింది. 1765లో స్టాంపు చట్టం తెచ్చి దస్తావేజులు, వార్తాపత్రికలు, చివరికి పేకముక్కల మీద కూడా పన్ను వేసింది. వలసవాసులు ‘మేమూ ఇంగ్లీషువాళ్లమే, పార్లమెంటులో మా ప్రతినిధి లేనప్పుడు మా మీద పన్ను వేసే హక్కు దానికెక్కడిది?’ అన్నారు. ఇంగ్లీషువాళ్లుగా తమకు రావలసింది రాలేదన్నదే వాళ్ల గోల. మరుసటి ఏడు ఆ చట్టం రద్దయింది కానీ, మీ మీద ఏ శాసనమైనా చేసే అధికారం మాకుందని పార్లమెంటు అప్పుడే ఇంకో చట్టం చేసి పెట్టుకుంది. తగువు మళ్లీ మొదటికొచ్చింది.

టీ సంగతి చాలామంది పొరపాటుగా రాస్తుంటారు. 1773 చట్టంతో టీ ధర పెరగలేదు, తగ్గింది! గోదాముల్లో సరుకు పేరుకుపోయి కుదేలైన ఈస్టిండియా కంపెనీని గట్టెక్కించడానికి, అది నేరుగా వలసలకు టీ పంపుకునేలా వీలు కల్పించారు. టీ మీద అంతకుముందే ఉన్న సుంకం మాత్రం ఉంచారు. చవగ్గా వచ్చిందని కొంటే సుంకం ఒప్పుకున్నట్టే. అందుకే ఆ డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో వలసవాసులు 342 టీ పెట్టెలను నీళ్లపాలు చేశారు. ప్రభుత్వం 1774లో రేవు మూసేసి, మసాచుసెట్స్ స్వపరిపాలనకు కత్తెర వేసింది. ఇవాళ వాళ్లకు, రేపు మనకు అని మిగతా వలసలకు టెన్షన్ పట్టుకుంది. సెప్టెంబరులో ఫిలడెల్ఫియాలో 12 వలసల ప్రతినిధులు కూడారు. జార్జియా ఒక్కటే రాలేదు.

1775 ఏప్రిల్‌లో లెక్సింగ్టన్ దగ్గర తుపాకులు పేలాక కూడా, జులైలో రాజుకు రాజీ విన్నపం పంపారు. మూడో జార్జి ఆగస్టులో వాళ్లను తిరుగుబాటుదారులని ప్రకటించాడు. 1776 జులై 4 నాటి స్వాతంత్ర్య ప్రకటన చూడండి. అంతవరకూ తగువు పార్లమెంటుతో. ప్రకటనలోని ఫిర్యాదుల చిట్టాలో వాక్యం తర్వాత వాక్యానికి కర్త ‘అతడు’. అతడంటే రాజు. పార్లమెంటు పేరైనా ఎత్తలేదు. దాని అధికారాన్ని ముందే కాదన్నారు కనుక, ఇక తెంచుకోవలసిన ముడి రాజుతోనే. వ్యాకరణం తెలిసినవాళ్లు రాసిన పత్రమది!

అయితే ఆ చిట్టాలో చివరి ఫిర్యాదు స్థానిక తెగలను కనికరం లేని అనాగరికులంటుంది. అపలాచియన్ కొండలకు పడమర స్థిరపడకూడదని 1763లో రాజు గీసిన గీత కూడా వలసవాసులకు కంటగింపే. ఆ నేల ఎవరిదని అడిగితే, ఆ తెగల వైపు నుంచి వీళ్లు అచ్చమైన వలసవాదులు. నోట్సులో పాఠం ఆ భూముల గురించైతే ఆ మాట దిద్దక్కర్లేదు.

మన దగ్గర తేడా ఇంకా తేటగా కనిపిస్తుంది. స్టాంపు చట్టం వచ్చిన 1765లోనే మొఘల్ చక్రవర్తి ఫర్మానాతో ఉత్తర సర్కారులు కంపెనీకి దఖలయ్యాయి. మీ శ్రీకాకుళం వైపంతా అందులోదే. కంపెనీ దొరలు ఇక్కడ ఊళ్లు కట్టుకుని సేద్యం చేయడానికి రాలేదు, శిస్తు వసూలుకు వచ్చారు. వాళ్లు వలసవాదులే కానీ వలసవాసులు కారు. 1781లో యార్క్‌టౌన్‌లో వలసవాసులకూ వాళ్ల ఫ్రెంచి మిత్రులకూ లొంగిపోయిన బ్రిటిష్ సేనాని కారన్‌వాలిసే 1786లో కలకత్తాలో గవర్నర్ జనరల్‌గా దిగాడు.

విప్లవమా, తిరుగుబాటా అంటే, తిరుగుబాటు రాజు వాడిన మాట. మన 1857ను సిపాయిల తిరుగుబాటు అన్నదీ అలాంటివాళ్లే. 1775 నుంచి 1783 పారిస్ ఒప్పందం దాకా నడిచిన పోరును చెప్పేటప్పుడు ‘స్వాతంత్ర్య యుద్ధం’ అనండి. రాజు పోయి గణతంత్రం వచ్చిన మార్పంతటినీ కలిపి చెప్పాలంటే ‘విప్లవం’ అనవచ్చు, బానిసల బతుకు మాత్రం చాలాచోట్ల ఎప్పటిలాగే ఉండిపోయినా.