పైసలు ఎటు పోయినయో చూడు, బిడ్డా

బిడ్డా,

మీ లా కాలేజీ మూట్ కోర్టుకు (ఉత్తుత్తి కోర్టు వాదనల పోటీకి) అమెరికాల మందుల కంపెనీల ఆక్టావిస్ కేసు ఇచ్చిన్రని, తీర్పు చదువుతుంటే తల తిరుగుతున్నదని ఫోన్‌ల చెప్పినవు. మీ పెదనాయిన వకీలు కాదు. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ముప్పై ఏండ్లు మందుల దుకాణం నడిపినోణ్ణి. నాకు సమజైన తీరు చెప్తా.

సెక్షన్లు పక్కన పెట్టు. పైసలు ఎవల చేతి నుంచి ఎవల చేతికి పోయినయో ఒక కాయితం మీద గీసుకో. నా పేటెంటు మీదికి వచ్చిండని దావా ఏసినోడు పైసలు అడుగుతడు. ఇక్కడ ఉల్టా. దావా ఏసిన సాల్వే కంపెనీయే, దాని ఆండ్రోజెల్ అనే హార్మోన్ జెల్ మందుకు జెనరిక్ (అదే మందు, చౌక రకం) తేబోయిన ఆక్టావిస్‌కు ఏడాదికి దాదాపు 1.9 నుంచి 3 కోట్ల డాలర్లు, తొమ్మిదేండ్లు ఇస్తనన్నది. బదులుగ ఆక్టావిస్ 2015 ఆగస్టు 31 దాకా బజారుకు రావద్దు. పేటెంటు గడువు కంటే 65 నెలలు ముందే వస్తున్నం గదా, ఇండ్ల తప్పేంది అన్నరు కంపెనీలోళ్లు. ఆ సొమ్ము మా జెల్‌ను డాక్టర్లకు చెప్పిపెట్టినందుకే అని కూడ అన్నరు. బజార్ల పోటీని కాపాడే అమెరికా సర్కారు సంస్థ ఎఫ్‌టీసీ ఒప్పుకోలే, అసలు కొన్నది ఆలస్యాన్నే అన్నది. నీ వాదన బలమంతా ఈడనే ఉన్నది.

మర్రిగూడ దిక్కు నుంచి ఒక అవ్వ వచ్చేది. ఫ్లోరైడు నీళ్లకు కాళ్లు వంగినయి. కొంగు ముడి ఇప్పి చిల్లర లెక్కపెడితే, పట్టీని కత్తెరతో కోసి నాలుగు గోలీలే ఇచ్చేటోణ్ణి. మల్లా రెండు రోజులకు రావాలె, బస్సు కిరాయి పెట్టుకొని. ఆండ్రోజెల్ ఆమె మందు కాదు, నాకు ఎరికే. కానీ చౌక మందు ఒక్క ఏడాది ఆగిందంటే నాకు ఆ కత్తెరే యాదికొస్తది.

జాగ్రత్త, 2013 జూన్ 17న అమెరికా సుప్రీంకోర్టు 5–3తోని ఇసొంటి ఒప్పందాలన్నీ తప్పే అనలేదు. పేటెంటు హద్దులున్నయి గనుక ముట్టొద్దనీ అనలేదు. ఒక్కో ఒప్పందాన్ని మంచీచెడ్డా తూకమేసి చూడుమన్నది. ఎక్కువ మంది జడ్జీల తరఫున జస్టిస్ బ్రెయర్ రాసింది చదివి ఆగకు, దానికి ఒప్పుకోని చీఫ్ జస్టిస్ రాబర్ట్స్ రాసిన అసమ్మతి రెండుసార్లు చదువు. నిన్ను అడిగే ప్రశ్నలు అండ్లనే ఉంటయి. అదే ఏడు ఏప్రిల్‌ల మన సుప్రీంకోర్టు ఇచ్చిన నోవార్టిస్ తీర్పును ఇండ్ల కలపకు. అది పాత మందును జర మార్చినంత మాత్రాన పేటెంటు రాదనే పేటెంటు చట్టం 3(డి) సంగతి, పోటీ చట్టానిది కాదు.

గీసిన కాయితం ఫోటో తీసి వాట్సాప్‌ల పంపు. రాత్రి తిన్నంక మాట్లాడుకుందం.

మీ పెదనాయిన