రాక్3 ఎప్పుడూ ఎడమకే పడిపోతుంటే

ఆస్టిన్‌లో ఆరు నెలలుగా డిస్క్ గోల్ఫ్ (డిస్క్‌ని బుట్టలోకి విసిరే ఆట) ఆడుతున్నా, 180 గ్రాముల ఇన్నోవా రాక్3 డిస్క్ చివర్లో ఎడమకి పడిపోతోంది, స్పీడ్ ఎక్కువున్నది కొనాలా అని అడిగారు కదా. వద్దు బ్రదర్, చేతిలో అంత వేగం లేకపోతే అది ఇంకా తొందరగా పడుతుంది. ప్రతి డిస్క్‌కీ స్పీడ్ (ఎంత వేగంగా విసరాలో), గ్లైడ్ (గాలిలో తేలడం), టర్న్ (మొదట్లో పక్కకి తిరగడం), ఫేడ్ (చివర్లో పక్కకి పడటం) అని వరసగా నాలుగు అంకెలుంటాయి, చివరిది చూడండి, రాక్3కి 3, కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ వేస్తే ఫేడ్ అంటే ఎడమకే. ఇన్నోవా మాకో3కి టర్న్, ఫేడ్ రెండూ సున్నా, ఎలా వదిలితే అలా పోతుంది, మీ తప్పులు కూడా దాచదు మరి! డిస్‌క్రాఫ్ట్ బజ్ (5, 4, -1, 1) కొంచెం ఓర్చుకుంటుంది, నేనైతే 170-175 గ్రాముల్లో అదే తీసుకోమంటా.

కొనేముందు ఒకసారి ఫోన్‌లో వీడియో తీసుకోండి, వదిలేటప్పుడు డిస్క్ ముందు అంచు పైకి లేస్తోందేమో చూడండి, అలా లేచినా ఎడమకే పడుతుంది. నాకూ అదే జబ్బు ఉండేది, చెంబులోంచి నీళ్లు ఒంపినట్టు మణికట్టు కిందికి తిప్పడం అలవాటయ్యాక సగం తగ్గింది. రాక్3ని మాత్రం అమ్మేయకండి, ఎదురుగాలిలో అదే దిక్కు.