మీ అమ్మకు పరుపు కొనే ముందు

పాలకొల్లు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోను పెట్టేసిన దగ్గర నుంచి అదే ఆలోచన. పది అంగుళాల మెమరీ ఫోమ్ పరుపు చూశావని, దసరాకు నువ్వు వచ్చేలోగా అది అమ్మ గదిలో ఉండాలని అన్నావు. తల్లి కీళ్ల నొప్పులతో రాత్రంతా అటూ ఇటూ పొర్లుతుంటే ఏ కూతురికైనా అలాగే ఉంటుంది. కానీ తొందరపడి డబ్బు కట్టకు. మీ అమ్మకు కావలసింది పది అంగుళాల పరుపు కాదు. ఇప్పుడున్న కొబ్బరి పీచు పరుపు మీద వేసుకునే రెండు అంగుళాల టాపర్, అంటే పల్చటి మెమరీ ఫోమ్ పొర, చాలు. నేను ఒకసారి పొరపాటు చేసి, నాలుగేళ్లు మోకాళ్లతో నేర్చుకున్న సంగతులు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

నా మోకాళ్ల అరుగుదల మొదలైన కొత్తలో మీ పెదనాన్నగారు పట్టుబట్టి ఎనిమిది అంగుళాల మెమరీ ఫోమ్ పరుపు తెచ్చారు. మొదటి వారం హాయిగానే ఉంది. మే నెల వచ్చేసరికి అసలు కష్టం తెలిసింది. ఒళ్లు లోపలికి దిగిపోయి, వీపు చుట్టూ ఫోమ్ మూసుకున్నట్టయ్యేది. ఫ్యాను గాలి పైనే ఆగిపోయేది. పక్కకు తిరగాలంటే గోతిలోంచి తిరిగినట్టు మోకాలికి, మోచేతికి బలం పెట్టాల్సి వచ్చేది. తెల్లవారుజామున లేవడానికి అంచు మీద కూర్చుంటే అంచు అణిగిపోయి ముందుకు జారేదాన్ని. పద్నాలుగు నెలలకు నడుము భాగంలో పల్లం పడింది. వారంటీ అడిగితే మనిషిని పంపారు. ఆయన స్కేలు పెట్టి కొలిచి, కార్డులో రాసినంత లోతు దిగలేదని వెళ్లిపోయాడు. నొప్పి తగ్గిస్తుందని తెచ్చిన పరుపే నొప్పి పెంచింది.

అయినా మెమరీ ఫోమ్ చెడ్డదని నేను అనను. ముప్ఫై ఏళ్లు సైన్సు చెప్పినదాన్ని, దాని తత్వం తెలుసుకున్నాక నాకు దాని మీద గౌరవమే పెరిగింది. 1966లో అమెరికాలో నాసా వారి ఏమ్స్ పరిశోధన కేంద్రం కోసం ఈ పదార్థాన్ని తయారు చేశారు. వ్యోమగాములు పడుకున్న పరుపు అని దుకాణాల్లో చెబుతారు కానీ, అప్పుడు వారి ఉద్దేశం విమానం సీట్లు. కుదుపు తగిలినప్పుడు దెబ్బను పీల్చుకునే మెత్త కావాలని చేశారు. ఒంటి వేడి తగిలిన చోట ఇది మెత్తబడుతుంది. బరువు ఎక్కువ పడిన చోట ఎక్కువ దిగి, ఆ బరువును చుట్టుపక్కలకు పంచుతుంది. పక్కకు తిరిగి పడుకునే వారికి తుంటి ఎముక, భుజం మీద పడే ఒత్తిడి అందుకే తగ్గుతుంది. మీ అమ్మ చిన్నప్పటి నుంచి ఎడమ పక్కకు ముడుచుకుని పడుకునే మనిషి. ఆమె తుంటికి ఈ గుణం అవసరమే. అయితే ఆ వేడి గుణమే మన డెల్టాలో చేటు కూడా. ధనుర్మాసపు తెల్లవారుజామున కాస్త గట్టిగా ఉండే ఫోమ్ రోహిణి కార్తెలో మరీ మెత్తబడిపోతుంది. చలి దేశాల వారు మెచ్చుకున్న మందం మనకు పనికిరాదు.

పరుపు కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. నిద్ర లేచాక అమ్మ వేళ్లు ఎంతసేపటికి పూర్తిగా ముడుచుకుంటున్నాయో చూడమను. అరుగుదల వల్ల వచ్చే బిగుతు సాధారణంగా అరగంటలోపు సడలుతుంది. గంట దాటినా పిడికిలి పట్టలేకపోతున్నా, వేలి కణుపులు వాచి వెచ్చగా ఉన్నా అది కీళ్లవాతం కావచ్చు. అప్పుడు పరుపు పేరుతో రోజులు గడపకూడదు. కాకినాడలోనో రాజమండ్రిలోనో కీళ్ల వైద్య నిపుణుడికి చూపించాలి. మంచి పరుపు నిద్రను కాపాడుతుందే కానీ అరిగిన కీలును తిరిగి తేలేదు, వాపును తగ్గించలేదు. ఈ మాట అమ్మకు నువ్వే చెప్పు. నేను చెబితే అక్క భయపెడుతోందని అనుకుంటుంది.

మీ నాన్నగారు మాత్రం నేల మీద చాప వేసుకుంటే అన్నీ సర్దుకుంటాయంటారు. ఆయన మాట తీసేయలేక మీ అమ్మ వేసవిలో రెండు వారాలు అలాగే పడుకుందని విన్నాను. వద్దని చెప్పు. అరిగిన మోకాళ్లతో నేల మీద నుంచి లేవడమే పెద్ద శిక్ష. పైగా గట్టిదనం మంచిదనే నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. స్పెయిన్‌లో దీర్ఘకాలపు నడుము నొప్పి ఉన్న 313 మందికి కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యస్థంగా గట్టిగా ఉండే పరుపు ఇచ్చి 90 రోజులు గమనించారు. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. మధ్యస్థపు పరుపు మీద పడుకున్న వారికే ఎక్కువ ఉపశమనం కలిగింది. అది నడుము గురించి చేసిన పరిశీలన, కీళ్ల గురించి కాదు. అయినా అడుగున గట్టిదనం, పైన కొద్దిగా మెత్తదనం అనే పద్ధతి నా తుంటికి, మోకాళ్లకు కూడా సరిపోయింది. అడుగున కొబ్బరి పీచు, పైన రెండు అంగుళాల ఫోమ్. రెండున్నరేళ్లుగా దాని మీదే పడుకుంటున్నాను. పీచు పరుపులో గాలి ఆడుతుంది, నడుమును నిలబెడుతుంది. పైనున్న ఫోమ్ తుంటికి చోటిస్తుంది. మన కోనసీమ పీచు ఉండగా అడుగు పరుపు కోసం వేరే ఎక్కడికో వెళ్లనక్కరలేదు.

కానీ ఆ అడుగు పరుపు బాగుంటేనే ఇదంతా. టాపర్ దాని కింద ఉన్న ఆకారాన్నే తీసుకుంటుంది. పల్లం మీద వేస్తే పల్లమే అవుతుంది. అందుకని ఒక పురికొస తీసుకుని పరుపుకు ఈ అంచు నుంచి ఆ అంచుకు బిగించి పట్టుకోమను. ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే, మూడో మనిషి మధ్యలో పురికొసకూ పరుపుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో చూడాలి. అంగుళం దాటితే ముందు ఆ పరుపే మార్చాలి. అమ్మమ్మ నాటి నవారు మంచం మీద అయితే టాపర్ అసలు వేయవద్దు. బూరుగు దూది పరుపు మీద కూడా అంతే, దూది ఉండలు కట్టిన చోటల్లా పైకి తెలుస్తుంది.

ఇక ఫోమ్ నాణ్యత. ఇక్కడే ఎక్కువ మంది మోసపోతారు, నేనూ ఇక్కడే మోసపోయాను. చేత్తో నొక్కితే అన్నీ ఒకేలా ఉంటాయి. అచ్చు పడి నెమ్మదిగా పైకి వస్తే మంచిదని చూపిస్తారు. చవక ఫోమ్ కూడా కొత్తలో అలాగే వస్తుంది. అడగవలసింది సాంద్రత, అంటే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలు అని. 50, ఆపైన ఉంటే నమ్మవచ్చు. 30, 35 ఉన్నవి త్వరగా అణిగిపోతాయి. చెప్పిన సాంద్రత నిజమో కాదో తేల్చుకోవడానికి తూకం వేయడమే మార్గం. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండు అంగుళాల మందం ఉన్న టాపర్ 50 సాంద్రతదైతే తొడుగు లేకుండా సుమారు నాలుగుంపావు కిలోలు తూగాలి. రెండున్నర కిలోలే తూగితే దాని సాంద్రత 30 కూడా ఉండదు. నేను రెండోసారి కొన్నప్పుడు ఇంటికి తెచ్చిన టాపర్‌ను తొడుగు విప్పి, చుట్ట చుట్టి, పక్క వీధి కిరాణా కొట్టు కాటా మీద పెట్టించాను. నాలుగు కిలోల మూడు వందల గ్రాములు చూపించింది. ఆ రాత్రి ధైర్యంగా పడుకున్నాను.

మందం రెండు అంగుళాలు దాటించవద్దు అంటున్నది మీ అమ్మను దృష్టిలో పెట్టుకునే. సన్నటి మనిషి, యాభై కిలోలు కూడా ఉండదు. మీ నాన్నగారిలా భారీ శరీరం ఉంటే మూడు అంగుళాలు కావాలి, లేకపోతే తుంటి అడుగు పరుపుకు తగులుతుంది. నాలుగు అంగుళాలు ఎవరికీ వద్దు, పక్కకు తిరగడం కష్టమవుతుంది.

ఎత్తు కూడా చూడు. దీన్ని ఎవరూ పట్టించుకోరు కానీ మోకాళ్ల మనిషికి ఇది సగం వైద్యం. అమ్మను చెప్పులు లేకుండా బల్ల మీద కూర్చోబెట్టి, నేల నుంచి మోకాలి వెనక మడత దాకా టేపుతో కొలువు. ఆమె మంచం అంచున కూర్చుని పరుపు అణిగాక ఉండే ఎత్తు ఆ కొలతకు సమానంగానో, ఒకటి రెండు అంగుళాలు ఎక్కువగానో ఉండాలి. తక్కువైతే లేచేటప్పుడు బరువంతా మోకాళ్ల మీదే పడుతుంది. ఎక్కువైతే పాదాలు నేలకు ఆనవు, చీకట్లో పడిపోయే ప్రమాదం. నువ్వు చూసిన పది అంగుళాల పరుపును మీ ఇంటి టేకు మంచం మీద వేస్తే ఆమె ఎక్కడానికి పీట వేయాలి. ఆ మంచం కొలత కూడా ఇప్పుడు దొరికే కొలతలకు సరిపోదు. చట్రం లోపలి పొడవు, వెడల్పు రెండు చోట్ల కొలిచి తక్కువ వచ్చిన దాన్ని రాసుకో. కొలత చెప్పి చేయించుకున్న వాటిని వెనక్కి తీసుకోవడం అరుదు.

మన గాలిలో తేమ సంగతి నీకు కొత్తగా చెప్పనక్కరలేదు. మంచం మీద సందుల్లేకుండా ప్లైవుడ్ పరిచి ఉంటే, ఒంటి చెమటా గాలిలోని తేమా అడుగున చేరి బూజు పడుతుంది. సందులున్న చెక్క పలకలే మంచివి. పదిహేను రోజులకు ఒకసారి పగటిపూట టాపర్‌ను గోడకు నిలబెట్టి ఫ్యాను వేయమను. ఎండలో మాత్రం వేయకూడదు. దూది పరుపులు ఎండేసిన అలవాటుతో మీ అమ్మ దీన్నీ మేడ మీదకు మోయిస్తుంది, ముందే చెప్పు. ఎండకు ఈ ఫోమ్ పసుపు రంగుకు మారి పెళుసుబారుతుంది. నీళ్లతో ఉతకకూడదు, జిప్పు తొడుగు తీసి అది ఒక్కటే ఉతకాలి. ప్లాస్టిక్ పొర ఉన్న తొడుగు వేస్తే వేడి రెట్టింపవుతుంది. పల్చటి నూలు దుప్పటి చాలు. చల్లదనం ఇస్తుందని జెల్ కలిపిన ఫోమ్ చూపిస్తారు. పడుకున్న కాసేపు చల్లగా అనిపిస్తుంది, తర్వాత అదీ ఒంటి వేడికి వస్తుంది. దాని కోసం ఎక్కువ డబ్బు పెట్టకు.

టాపర్ వైపు నేను మొగ్గడానికి ఇంకో కారణం మీ ఇల్లు గోదావరి లంకలో ఉండడం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక వచ్చిందంటే మీ వీధిలో ఏం జరుగుతుందో 2022 జులైలో చూశాం. 1986 వరదనాడు మేమంతా గుడి అరుగు మీద రాత్రి గడిపాం. మందపాటి ఫోమ్ పరుపులోకి బురద నీరు ఎక్కితే అది ఎండదు, పారేయడమే. రెండు అంగుళాల టాపర్‌ను ఒక్కదాన్నే చుట్ట చుట్టి తాడు కట్టి అటక ఎక్కించవచ్చు. అరవై దాటిన ఇద్దరే ఉండే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి ఇచ్చే గడువు ఎంతో, వచ్చి తీసుకువెళ్లేది ఎవరో ముందే చదువు. పరుపుకు వంద రాత్రుల గడువు ఇచ్చే వారు కూడా టాపర్‌కు ఇవ్వకపోవచ్చు. మీ ఊరికి పడవలో వచ్చి ఎవరూ తీసుకువెళ్లరు, అందుకని పాలకొల్లు మా ఇంటి చిరునామా ఇవ్వు. చుట్టగా వచ్చిన దాన్ని విప్పి రెండు రోజులు గాలికి వదిలితే పూర్తిగా పొంగుతుంది, మందు వాసన కూడా తగ్గుతుంది. దుకాణంలో కొనే పనైతే అమ్మను తీసుకెళ్లి, ఆమె పడుకునే ఎడమ పక్కకే పావుగంట పడుకోబెట్టు. నువ్వు వెనక నిలబడి చూడు. మెడ నుంచి నడుము చివర దాకా వెన్నెముక ఒకే గీతలో ఉంటే సరిపోయినట్టు. తుంటి దగ్గర కిందికి వంగితే మరీ మెత్తన. భుజం ఒత్తుకుని పైకి లేస్తే మరీ గట్టి.

పక్కకు పడుకున్నప్పుడు రెండు మోకాళ్ల మధ్య పల్చటి దిండు పెట్టుకోమను. తుంటి లాగడం తగ్గుతుంది. మీ పక్క వీధి అత్తయ్యగారు మోకాలు మార్పిడి చేయించుకున్నారు కదా, ఆవిడ ఇది చూసి తన మోకాలి కింద దిండు పెట్టుకుంటే మాత్రం వద్దని చెప్పాలి. ఆ శస్త్రచికిత్స తర్వాత అలా పెట్టుకుంటే కాలు పూర్తిగా చాపుకోలేకపోతారు.

కొత్త పక్క మీద మొదటి పది పదిహేను రోజులు ఒళ్లు పట్టినట్టు ఉంటుంది. కంగారు పడి తీసేయవద్దు. ఒక నోటుపుస్తకంలో రోజూ ఉదయం రెండే రెండు అంకెలు రాయమను. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, లేచాక ఎన్ని నిమిషాలకు పిడికిలి పూర్తిగా ముడుచుకుంది. నెల రోజుల అంకెలు చూస్తే ఉంచాలో మార్చాలో తెలుస్తుంది. డాక్టరుకు కూడా ఆ పుస్తకమే చూపించవచ్చు.

ఈ ఆదివారం నేను లంకకు వెళుతున్నాను. టేపు, పురికొస నా సంచిలో ఉన్నాయి. మంచం కొలతలు, అమ్మ మోకాలి ఎత్తు, పరుపు పల్లం లోతు సాయంత్రానికి ఫోనులో చెబుతాను. అప్పటిదాకా డబ్బు కట్టకు.

మీ పెద్దమ్మ