పక్కపక్కనున్న రెండు బలహీన టార్గెట్లు రెండూ మాయమవుతుంటే

మీ రాడార్‌లో విడివిడిగా దొరికే టార్గెట్లు దగ్గరికి రాగానే రెండూ పోతున్నాయన్నారు. ట్రైనింగ్ సెల్స్ (నాయిస్ అంచనాకి వాడే చుట్టుపక్కల సెల్స్) 16, ఫాల్స్ అలారం పది లక్షలకొకటి, ఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నల్, నాయిస్ పవర్ల నిష్పత్తి) 20 డీబీ, అంటే 100 రెట్లు. ఇది నాయిస్ తప్పు కాదండీ, సెల్ యావరేజింగ్ సీఫార్ తప్పు. సీఫార్ అంటే ఫాల్స్ అలారం రేటు మారకుండా థ్రెషోల్డ్‌ని సర్దే పద్ధతి. ఈ రకం ట్రైనింగ్ సెల్స్ సగటుని ఒక గుణకంతో హెచ్చించి థ్రెషోల్డ్ పెడుతుంది.

మీ సెట్టింగులకు గుణకం 21.9. పక్క టార్గెట్ ఒక ట్రైనింగ్ సెల్‌లో పడితే పదిహేను సెల్స్‌లో నాయిస్ పవర్ 1 చొప్పున, ఒకదాంట్లో 101 (టార్గెట్ 100, నాయిస్ 1), సగటు 7.25. థ్రెషోల్డ్ 159కి లేస్తుంది, మీ టార్గెట్ పవరేమో 101. రెండూ ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి.

గార్డ్ సెల్స్ (టార్గెట్ పక్కనే సగటులో కలపకుండా వదిలేసేవి) పెంచితే అంత దూరం లోపలే పనిచేస్తుంది, పక్క టార్గెట్ అది దాటి ట్రైనింగ్ సెల్స్‌లోకి కదిలితే మళ్లీ మొదటికే. ఆర్డర్డ్ స్టాటిస్టిక్ సీఫార్‌కి మారండి: 16 విలువల్ని చిన్న నుంచి పెద్దకు పేర్చి 12వది తీసుకోండి. నాలుగు సెల్స్ దాకా పాడైనా తట్టుకుంటుంది. పాత గుణకం వాడొద్దు. దీనికి సుమారు 21. పై సందర్భంలో థ్రెషోల్డ్ సగటున 31 దగ్గరే ఉంటుంది, 101 సులువుగా దాటుతుంది. శుభ్రమైన నాయిస్‌లో మాత్రం ఒక డీబీ దాకా నష్టం.

ఈ లెక్కలన్నీ పవర్ మీదే. డీబీ విలువల మీద సీఫార్ నడిపితే (చాలామంది చేసే పొరపాటే) ఈ గుణకాలు చెల్లవు. ఎఫ్‌ఎఫ్‌టీకి (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసే లెక్క) ముందు హ్యానింగ్ విండో (సిగ్నల్ అంచుల్ని మెల్లగా తగ్గించేది) ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే మొదటి సైడ్‌లోబ్ (టార్గెట్ శిఖరం పక్కకి పాకే పవర్) శిఖరం కన్నా 13 డీబీ మాత్రమే తక్కువగా ఉంటుంది.