చిన్న సంఘం పంపే షాడో రిపోర్టు ఐక్యరాజ్యసమితిలో ఎవరైనా చదువుతారా?

"మాది నలుగురైదుగురం నడుపుకునే మహిళా సంఘం. మా దేశం వంతు వచ్చే ఏడాది సీడా కమిటీ ముందుకు వస్తోందట. మేం రిపోర్టు పంపితే ఎవరైనా చదువుతారా, శ్రమ దండగా?" అని అడిగారు.

చదువుతారు. నేను ఈ పనిలో రెండుసార్లు కూర్చున్నాను. మొదటిసారి మా కాగితం గాలికి పోయింది, రెండోసారి పనికొచ్చింది.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. సీడా అంటే స్త్రీల పట్ల వివక్షను నిర్మూలించడానికి 1979లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం. 189 దేశాలు ఇందులో ఉన్నాయి. చేరిన దేశం ఏడాదిలోపు ఒక నివేదిక, ఆ తర్వాత నాలుగేళ్ళకోసారి ఒకటి ఇవ్వాలి (ఆలస్యాలు మామూలే). దాన్ని 23 మంది నిపుణుల కమిటీ జెనీవాలో సమీక్షిస్తుంది. సర్కారు తన గురించి తాను గొప్పగానే రాసుకుంటుంది కదా, అందుకే సభ్యులు బయటివాళ్ళ రిపోర్టుల కోసం చూస్తారు. షాడో రిపోర్టులంటే ఇవే.

మొదటిసారి మేం లావుపాటి రిపోర్టు రాశాం. "స్త్రీల పరిస్థితి అత్యంత దయనీయంగా ఉంది" అనే వాక్యం అందులో నాలుగుచోట్ల ఉందని తర్వాత లెక్కపెట్టి సిగ్గుపడ్డాను. అంతకన్నా పెద్ద తప్పు, సమావేశాలు రేపో మాపో మొదలవుతాయనగా పంపడం. సమావేశానికి నెలల ముందే కమిటీ ఆ దేశానికి ప్రశ్నల జాబితా పంపేస్తుంది. సమీక్ష చాలావరకు దాని చుట్టూనే తిరుగుతుంది. మేం బస్సు వెళ్ళిపోయాక స్టాపుకు చేరినట్టయింది.

రెండోసారి ఒక్క విషయమే పట్టుకున్నాం. ఇంట్లో దెబ్బలు తిని బయటికొచ్చిన ఆడవాళ్ళకు ఆశ్రయ గృహాలు ఉన్నాయని ప్రభుత్వ నివేదికలో ఉంది. నిజమే, ఉన్నాయి. కానీ పన్నెండేళ్ళు దాటిన కొడుకు వెంట ఉంటే లోపలికి రానివ్వరు. కొడుకును వదల్లేక ఆ తల్లి మళ్ళీ కొట్టినవాడి ఇంటికే పోతుంది. అలా వెనక్కి వెళ్ళినవాళ్ళు ఎంతమందో మా రిజిస్టరు తిరగేసి లెక్క తీశాం. చివర్లో "ఈ వయసు నిబంధన ఎందుకుంది, ఎప్పుడు తీస్తారు?" అని కమిటీ అడగాల్సిన ప్రశ్న కూడా మేమే రాసిచ్చాం. అన్నీ కలిపి రెండు పేజీలు దాటలేదు.

సమీక్ష రోజు పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు ఉంటుంది. వెబ్‌కాస్ట్‌లో ఎవరైనా చూడొచ్చు. ఆఫీసులో ఒకే లాప్‌టాప్ చుట్టూ మూగి చూశాం. ఒక సభ్యురాలు సరిగ్గా ఆ మగపిల్లల వయసు సంగతే అడిగింది. ప్రభుత్వ ప్రతినిధి బృందం నాయకుడు చట్టం పేరు, సెక్షన్ల నంబర్లు గడగడా చదివాడు. ఆవిడ మళ్ళీ అదే అడిగింది. రాతపూర్వకంగా పంపిస్తామన్నాడు. మా రిజిస్టరు రాసే అమ్మాయి "అది నా పేరానే!" అని అరిచింది.

సమీక్ష అయ్యాక కమిటీ రాసిచ్చే తుది పరిశీలనల్లో మాకు దక్కింది అర వాక్యం. అమలు చేయకపోతే శిక్షేమీ లేదు. కానీ అంతకుముందు ఎప్పుడు వెళ్ళినా "ఒకటీ అరా కేసు పట్టుకుని వస్తారు" అని కసురుకునే అధికారి ముందు ఆ పేజీ పెడితే ఆ మాట అనలేకపోయాడు. నిబంధన మారడానికి మరో రెండేళ్ళు పట్టింది, అదీ ఒక్క గృహంలోనే. కోర్టుల్లోనూ ఈ ఒప్పందానికి విలువుంది. 1990లో టాంజానియా హైకోర్టు, వంశపు భూమిని ఆడవాళ్ళు అమ్మకూడదన్న ఆచారాన్ని కొట్టేసినప్పుడు, 1997లో భారత సుప్రీంకోర్టు విశాఖ తీర్పులో పనిచోట లైంగిక వేధింపులపై మార్గదర్శకాలు ఇచ్చినప్పుడు దీన్ని కూడా ఆధారం చేసుకున్నాయి.

ఒక్క జాగ్రత్త. గోప్యంగా ఉంచమని అడగకపోతే మీ రిపోర్టు ఇంటర్నెట్‌లో పెట్టేస్తారు. బాధితుల పేర్లు, ఊళ్ళు తీసేయండి. ఊరు పేరు తీసేసినా "ముగ్గురు పిల్లల టీచరు" అంటే తెలిసిపోయే చోట్లు ఉంటాయి, అదీ చూసుకోండి.

సమీక్ష వచ్చే ఏడాదే అంటున్నారు కాబట్టి ప్రశ్నల జాబితా గడువు దగ్గరపడే ఉంటుంది. రాయడం తర్వాత, ముందు ఆ తేదీ చూడండి.