సొహ్రాబ్ వయసు లెక్కలు తీసెయ్

అమ్మాయ్,

నువ్వు పంపిన పేజీలన్నీ చదివాను. కష్టపడ్డావు, కాదనను. కానీ పారసీ కథాకావ్యాల్లో పిల్లల గురించి రాస్తానని కూర్చుని, ఎవరు ఏ ఏట ఏం చేశారో పట్టిక వేసి, చివర్లో 'అసహజం' అని తీర్పు చెప్పేశావు. ఆ పట్టిక తీసెయ్. కవి ఫిరదౌసి 1010లో ముగించిన ఇరాన్ రాజుల కావ్యం షానామాలో వీరుడు రుస్తుం కొడుకు సొహ్రాబ్ నెలకే ఏడాది పిల్లాడిలా ఉంటాడు, పదేళ్లకు ఆ సీమలో వాడికి ఎదురు నిలిచేవాడే లేడు. మన కథల్లో దినదిన ప్రవర్ధమానమైన రాకుమారుల్ని పుట్టినరోజు సర్టిఫికెట్ అడిగామా?

బాల్యాన్ని రెండు మూడు ద్విపదల్లో దాటేసిన కవి అంత తొందరగా ఎక్కడికి పోతున్నాడో చూడు. తల్లి తహ్మీనా దగ్గరికి. సొహ్రాబ్ ఆవిడను, నా ఈడువాళ్లకంటే ఇంత ఎత్తు ఎందుకున్నాను, తండ్రి ఎవరని అడిగితే ఏం చెప్పాలి అని నిలదీసి, దాచావా ప్రాణాలతో ఉంచను అంటాడు. కన్నతల్లిని! అదే కావ్యంలో ఇంకో వీరుడు ఫరీదూన్ కూడా పదహారేళ్లకు అల్బుర్జ్ కొండ దిగొచ్చి తల్లి ఫరానక్‌ను ఇదే అడుగుతాడు. ప్రశ్న ఒక్కటే, కానీ జవాబు విని ఫరీదూన్ తండ్రిని చంపినవాడి మీదికి పోతాడు, సొహ్రాబ్ తండ్రిని వెతుక్కుంటూ పోయి ఆ తండ్రి చేతిలోనే చస్తాడు. నీ మొదటి అధ్యాయం అక్కడుంది, వయసుల్లో లేదు.

రుస్తుం తండ్రి జాల్ సంగతి రెండు వాక్యాల్లో సరిపెట్టావు, అన్యాయం. తెల్లజుట్టుతో పుట్టాడని ఆ పసివాడి కబురు తండ్రి సామ్‌కు వారం రోజులు ఎవరూ చెప్పరు, చివరికి ఒక దాది ధైర్యం చేస్తుంది. మాటలు రాని పిల్లవాడి కథంతా చుట్టూ ఉన్న పెద్దల భయంలోనే ఉంది, ఆ వారం దగ్గర కాసేపు ఆగు.

నిజంగా పిల్లాడిలా మాట్లాడే పిల్లాడు కావాలంటే సూఫీ కవి రూమీ రాసిన మస్నవీ కావ్యం రెండో సంపుటం తియ్యి. శవపేటిక ముందు ఒక కుర్రాడు తల బాదుకుంటూ ఏడుస్తుంటాడు: నాన్నా, నిన్ను ఎక్కడికి తీసుకెళ్తున్నారు, ఇరుకిల్లు, చాప లేదు, రాత్రి దీపం లేదు, పగలు రొట్టె లేదు. పక్కనే ఉన్న జూహీ అనే పిల్లాడు ఇది విని వాళ్ల నాన్నతో అంటాడు కదా, "నాన్నా, ఒట్టు, ఈయన్ని మనింటికే తీసుకెళ్తున్నారు!" రూమీ వెంటనే దీన్ని వెలుగు లేని మనసు మీదికి తిప్పేస్తాడు, నువ్వు మాత్రం ఆయనతోపాటు పరిగెత్తకు. ముందు ఆ చాప లేని ఇంటి గురించి రాయి, వేదాంతం తర్వాత చూసుకుందాం.

లైలా, మజ్నూ అని పేరుపడ్డ ఖైస్‌ల బడి గురించి ఇప్పుడు వద్దు, ప్రేమకథ మొదలైతే నువ్వు మళ్లీ పిల్లల దగ్గరికి రావు, నాకు తెలుసు. జూహీ భాగం అనువాదం చేసి మీ అమ్మకు గట్టిగా చదివి వినిపించు, ఆవిడ నవ్వకపోతే మళ్లీ రాసి ఆదివారంలోగా పంపు.